తడవని రేకు, తడిసే రేకు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మనందరికీ తెలుసు. ఆ గుణాన్ని లోహపు రేకుకూ గాజుకూ ఎలా తెప్పించాలి, ఎంత మేరకు తెప్పించాలి అన్నది ఆ ఉత్తరాల సారాంశం. మొదటి ఉత్తరంలో మిగతావాటికి కావలసిన పునాది కూడా ఉన్నందువల్ల దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మేము ప్రయోగశాలలో అల్యూమినియం రేకును గరుకు కాగితంతో రుద్ది, మరుగుతున్న స్వేదన జలంలో అరగంట ఉంచి, తరువాత స్టియరిక్ ఆమ్లం కలిపిన ఇథనాల్‌లో ముంచి ఆరబెట్టాము. మొదటిరోజు దాని మీద నీటిబొట్టు పాదరసంలా దొర్లిపోయింది. సముద్రం వైపు ఉన్న మా బాల్కనీలో రెండు వారాలు ఉంచాక బొట్లు అతుక్కుపోతున్నాయి. లోహ ఆక్సైడ్లకు నీరంటే ఇష్టమని పుస్తకంలో చదివాము. అలాంటప్పుడు ఆక్సైడ్ పొర నీటిని ఎలా నెట్టగలిగింది? మనకు కావలసినంత మేరకే నెట్టేలా చేయగలమా? మా రేకుకు ఏమైంది?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అమ్మా, మీ పుస్తకం చెప్పిందీ నిజమే, మీ కళ్లు చూసిందీ నిజమే. ఆక్సైడ్ పైపొరలో ఉన్న లోహ పరమాణువుకు, లోపలి పరమాణువులకు ఉన్నన్ని ఆక్సిజన్లు చుట్టూ ఉండవు. ఆ కొరత తీర్చుకోవడానికి అది గాలిలోని నీటి అణువును పట్టుకుని చీలుస్తుంది, ఫలితంగా ఉపరితలమంతా హైడ్రాక్సిల్ సమూహాలతో, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలతో, నిండిపోతుంది. వాటికీ నీటికీ మధ్య హైడ్రోజన్ బంధాలు తేలికగా ఏర్పడతాయి కాబట్టి శుభ్రమైన ఆక్సైడ్ మీద పడిన నీరు బొట్టుగా నిలవకుండా పరుచుకుంటుంది. మీరు మరిగించిన రేకును స్టియరిక్ ఆమ్లంలో ముంచకముందు దాని మీద ఒక చుక్క వేసి ఉంటే, కాగితం మీద సిరా పాకినట్లు అది క్షణంలో పాకిపోవడం చూసేవారు. ఈసారి తప్పకుండా చూడండి. ప్రయోగంలో సగం పాఠం అక్కడే ఉంది.

అల్యూమినియం మీద ఎప్పుడూ రెండు మూడు నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) మందాన సహజమైన ఆక్సైడ్ పొర ఉంటుంది. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడినీటిలో ఆ పొర నీటితో చర్య జరిపి, హైడ్రోజన్‌ను వదులుతూ, బోమైట్ అనే ఆర్ద్ర ఆక్సైడ్‌గా పెరుగుతుంది. అది చదునుగా పెరగదు. కొన్ని పదుల నుంచి కొన్ని వందల నానోమీటర్ల ఎత్తున, నిలువుగా లేచిన పలుచని రేకుల గుబురుగా పెరుగుతుంది. తరువాత మీరు ముంచిన స్టియరిక్ ఆమ్లానికి ఒక కొసన కార్బాక్సిల్ అనే ఆమ్ల గుణపు తల, దాని వెనుక పొడవైన హైడ్రోకార్బన్ తోక ఉంటాయి, అణువులోని మొత్తం కార్బన్లు 18. తల ఆక్సైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది, తోక బయటికి నిలుస్తుంది. ఆ విధంగా నీటిని పిలిచే హైడ్రాక్సిల్ సమూహాల మీద, నీటితో పొత్తు కుదరని రెండున్నర నానోమీటర్ల మందపు కొవ్వు పొర ఏర్పడుతుంది.

అయితే బొట్టు దొర్లడానికి ఆ కొవ్వు పొర ఒక్కటే చాలదు. ఉపరితలానికీ నీటిబొట్టు అంచుకూ మధ్య నీటి లోపలివైపు ఏర్పడే కోణాన్ని స్పర్శ కోణం అంటాము. అది 90 డిగ్రీలు దాటితే ఉపరితలం నీటిని వికర్షిస్తుందని, 150 దాటి, స్వల్పమైన వాలుకే బొట్టు జారిపోతే అతి వికర్షకమని వ్యవహారం. నున్నని ఉపరితలాన్ని ఎంత గొప్ప ఫ్లోరిన్ సమ్మేళనంతో కప్పినా స్పర్శ కోణం సుమారు 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి 150కి తీసుకుపోయేది గరుకుదనం, ఆ గరుకు సందుల్లో చిక్కుకున్న గాలి.

గరుకుదనం రెండు రకాలుగా పనిచేస్తుంది. నీరు సందుల్లోకి పూర్తిగా దిగితే, ఉపరితలానికి ఉన్న స్వభావమే మరింత ముదురుతుందని 1936లో వెంజెల్ చూపించాడు, అంటే తడిసేది మరింత తడుస్తుంది, తడవనిది మరింత దూరం జరుగుతుంది. నీరు సందుల్లోకి దిగకుండా రేకుల కొసల మీద నిలిస్తే, బొట్టు అడుగున కొంత ఘనపదార్థం, మిగిలినదంతా గాలి ఉంటాయి. ఈ స్థితికి 1944లో కాసీ, బాక్స్‌టర్ లెక్క కట్టారు. కొవ్వు పొర వేసిన నున్నని తలం మీద స్పర్శ కోణం 105 డిగ్రీలు అనుకుందాము. బొట్టు అడుగున సగం మాత్రమే ఘనపదార్థం ఉంటే ఆ లెక్క ప్రకారం కోణం సుమారు 129 అవుతుంది. నూటికి 30 వంతులైతే 141, 10 వంతులైతే 158, 5 వంతులే అయితే 164. మీ రెండో ప్రశ్నకు జవాబు ఈ అంకెల్లోనే ఉంది. కొసల వెడల్పునూ వాటి మధ్య దూరాన్నీ మార్చగలిగితే నీటిని ఎంత నెట్టాలో మనమే నిర్ణయించవచ్చు.

అలా మార్చడానికి అల్యూమినియంలో ఒక చక్కని మార్గం ఉంది. రేకును ధన ధ్రువంగా చేసి ఆమ్ల ద్రావణంలో విద్యుత్తు పంపితే తేనెపట్టు గదుల వంటి రంధ్రాలున్న ఆక్సైడ్ ఏర్పడుతుంది, దీనిని ఆనోడైజింగ్ అంటారు. పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరం దాదాపు ప్రతి వోల్టుకు రెండున్నర నానోమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆక్సాలిక్ ఆమ్లంలో 40 వోల్టులు పెడితే ఆ దూరం 100 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది. తరువాత పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఉంచిన కొద్దీ రంధ్రాలు వెడల్పై, గోడలు సన్నబడి, బొట్టుకు తగిలే ఘనపదార్థం తగ్గుతుంది. అంటే వోల్టేజీ దూరాన్నీ, నానబెట్టిన సమయం గోడ మందాన్నీ నిర్ణయిస్తాయి. మీ వేడినీటి పద్ధతిలో ఇంత పట్టు దొరకదు. అక్కడ నీటి వేడి, సమయం, నీటి శుద్ధి మాత్రమే మీ చేతిలో ఉంటాయి. కుళాయి నీటిలోని సిలికేట్లూ ఫాస్ఫేట్లూ బోమైట్ పెరుగుదలను అడ్డుకుంటాయి కాబట్టి స్వేదన జలం వాడి మంచి పని చేశారు. కొవ్వు ఆమ్లాన్ని మార్చడం మరో మార్గం. 12 కార్బన్ల లారిక్ ఆమ్లం, 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం, మీరు వాడిన స్టియరిక్ ఆమ్లాలతో వరుసగా చేసి పోల్చి చూడండి. ఫ్లోరిన్ సమ్మేళనాల జోలికి మాత్రం వెళ్లవద్దని నా గట్టి సలహా. వాటిలో చాలావరకు నేలలో, నీటిలో, ఒంట్లో ఏళ్ల తరబడి నిలిచిపోయేవి. వాటిలో ఒకటైన పెర్‌ఫ్లోరో ఆక్టనోయిక్ ఆమ్లాన్ని 2019లో, ఇలా నిలిచిపోయే రసాయనాలపై దేశాలు కుదుర్చుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందపు నిషేధ జాబితాలో చేర్చారు.

ఒకే ఉపరితలాన్ని ఒకసారి తడిసేలా, మరోసారి తడవకుండా చేయడం ఇంకా ఆసక్తికరం. జింక్ ఆక్సైడ్ నానో కడ్డీలను ఒత్తుగా, నిలువుగా పెంచిన పొర మీద స్పర్శ కోణం 161 డిగ్రీల దాకా ఉండేదని, రెండు గంటలు అతినీలలోహిత కాంతి పడ్డాక నీరు పూర్తిగా పరుచుకునేదని, చీకటిలో వారం రోజులు ఉంచితే మళ్లీ మొదటి స్థితికి వచ్చేదని 2004లో చైనా శాస్త్రవేత్తలు ప్రచురించారు. కాంతి వల్ల ఆక్సైడ్‌లో ఏర్పడిన ధన రంధ్రాలు (ఎలక్ట్రాన్ లేచిపోగా మిగిలిన ఖాళీలు) ఉపరితలపు ఆక్సిజన్‌ను కదిలిస్తాయి, ఖాళీ అయిన చోట్ల నీటి నుంచి వచ్చిన హైడ్రాక్సిల్ సమూహాలు చేరతాయి, చీకటిలో గాలిలోని ఆక్సిజన్ మెల్లగా వాటి స్థానాన్ని ఆక్రమిస్తుంది అని వివరణ. గాలిలోని సేంద్రియ ఆవిరులు పేరుకోవడం, కాంతి వాటిని కాల్చివేయడం కూడా ఇందులో పెద్ద భాగమని మరికొందరు వాదిస్తారు. నా మటుకు ఈ రెండో వాదనలో బలం ఉందనిపిస్తుంది. ఎందుకంటే శుభ్రంగా ఉంచిన ఆక్సైడ్ ఏదైనా గాలిలో కొన్నాళ్లుంటే కొంత నీటిని నెట్టడం మొదలుపెడుతుంది.

ఇక మీ బాల్కనీ సంగతి. పైనుంచి పడే వాన చినుకును నిలువరించే గాలి పొర, రాత్రి పట్టే మంచు ముందు ఓడిపోతుంది. మంచు పైనుంచి పడదు, చల్లబడిన బోమైట్ రేకుల సందుల్లోనే నానోమీటర్ల పరిమాణంలో పుట్టి, గాలిని బయటికి తోస్తూ పెరుగుతుంది. తామరాకు మీద కూడా ఆవిరి చల్లబడి నీరైతే ఆ బొట్లు అతుక్కుంటాయి. దీనికి తోడు సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు రేణువులు ఉన్నాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీటిని లాక్కుని ద్రవమవుతుంది. మన విశాఖలో తెల్లవారుజామున తేమ ఆ హద్దు దాటడం మామూలే. అలా సందుల్లో చేరిన ఉప్పునీటిలోని క్లోరైడ్ అయాన్లు అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినగలవు. చివరిది మీ పద్ధతిలోని చిన్న లోపం కావచ్చు. స్టియరిక్ ఆమ్లంలో ముంచాక గోరువెచ్చని ఇథనాల్‌తో కడిగినట్లు మీరు రాయలేదు. కడగకపోతే బంధం ఏర్పడని ఆమ్లం తెల్లని పొడిగా పైన మిగిలి మొదటిరోజు గొప్ప కోణాన్ని చూపిస్తుంది, తరువాత వానకూ గాలికీ కొట్టుకుపోతుంది. ఇథనాల్‌కు నిప్పు దగ్గర ఉండకూడదని, నీళ్ల తొట్టిలో పెట్టే వేడి చేయాలని మీకు చెప్పనక్కర లేదనుకుంటాను.

కారణం ఏదో మీరే తేల్చుకోవచ్చు. ముందు రేకును స్వేదన జలంతో మెల్లగా కడిగి, 50 డిగ్రీలు దాటని వేడిలో ఆరబెట్టండి, స్టియరిక్ ఆమ్లం 69 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అప్పుడు బొట్టు దొర్లితే తప్పు సందుల్లోని నీటిదీ ఉప్పుదీ. దొర్లకపోతే మళ్లీ ఆమ్లంలో ముంచి కడిగి చూడండి. గుణం తిరిగివస్తే పోయింది కొవ్వు పొర. అప్పటికీ రాకపోతే బోమైట్ రేకులే దెబ్బతిన్నట్లు.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్ దగ్గర మాకు బోట్ల మరమ్మతు షెడ్డు ఉందండి. నీరంటని నానో పూత వేస్తే ఇనుప బోటు అడుగుకు తుప్పు పట్టదని, నాచు పట్టదని ఒకాయన అమ్మజూపుతున్నాడు. కొనమంటారా?
– షెడ్డు యజమాని, విశాఖపట్నం

జవాబు: బోటు అడుగుకైతే కొనవద్దండి. పైన చెప్పినదంతా చిక్కుకున్న గాలి మీద ఆధారపడిన వ్యవహారం. నీటి అడుగున ఆ గాలికి ఇద్దరు శత్రువులు. మొదటిది ఒత్తిడి. కొవ్వు పొర ఉన్న సందు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పుంటే, నీటిని లోపలికి తోయడానికి సుమారు నాలుగు మీటర్ల లోతులో ఉండే ఒత్తిడే చాలు. సందు 100 నానోమీటర్లైతే 40 మీటర్లకు దగ్గరగా ఉండే ఒత్తిడి కావాలి. నిర్మాణం నానో పరిమాణంలో ఉండాలని శాస్త్రజ్ఞులు పట్టుబట్టడానికి ఇదొక కారణం. కాని రెండో శత్రువును ఏ పరిమాణమూ ఆపలేదు. చిక్కిన గాలి కొద్దికొద్దిగా సముద్రపు నీటిలో కరిగిపోతుంది. గాలి పోయాక మిగిలేది గరుకైన తలం. నున్నని తలం కంటే దానికి నీరు తగిలే వైశాల్యం ఎక్కువ, గుల్లలూ నాచూ పట్టు దొరకబుచ్చుకోవడానికీ అనువు. బోటును రేవుకు కట్టేటప్పుడు తగిలే ఒక్క రాపిడికి నానోమీటర్ల రేకులు నలిగిపోతాయన్నది వేరే సంగతి.

పైగా అల్యూమినియం ఆక్సైడ్ తన లోహాన్ని అంటిపెట్టుకుని కాపాడినట్లు ఇనుప తుప్పు ఇనుమును కాపాడదు. అది పొరలుగా ఊడి, కింది లోహాన్ని మళ్లీ నీటికి అప్పగిస్తుంది. ఇసుకతో కొట్టించి శుభ్రం చేసిన ఇనుముకు జింక్ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ, అడుగుకు నాచు పట్టని రంగు, వాటితో పాటు బోటుకు బిగించే జింకు దిమ్మలు – మీరు ఎరిగిన ఈ పద్ధతే నేటికీ నమ్మదగినది. నీటికి పైన ఉండే అల్యూమినియం సామగ్రికి ఆనోడైజింగ్ చేయించి, వేడినీటితో సీలింగ్ చేయించండి. ఆ సీలింగ్‌లో జరిగేది పై ఉత్తరంలో విద్యార్థిని చేసిన బోమైట్ చర్యే. అది రంధ్రాలను పూడ్చివేస్తుంది, అందువల్లనే ఆనోడైజ్ చేసిన కిటికీ చట్రాలు సముద్రపు గాలికి చాలాకాలం తట్టుకుంటాయి.

ప్రశ్న: బాత్‌రూమ్ అద్దం మీద ఆవిరి పట్టకుండా చేసే పూత కూడా ఇటువంటిదేనా?
– గృహిణి, సీతమ్మధార

జవాబు: దానికి సరిగ్గా ఎదురుగా నడిచేదమ్మా. అద్దం మసకబారడానికి కారణం నీరు కాదు, నీరు చిన్న చిన్న బొట్లుగా నిలిచి వెలుతురును చెదరగొట్టడం. నీరు పలుచని పొరగా పరుచుకుంటే అద్దం తేటగానే కనిపిస్తుంది. టైటానియం డయాక్సైడ్ పొర మీద అతినీలలోహిత కాంతి పడితే నీరు పూర్తిగా పరుచుకుంటుందని 1997లో జపాన్‌లో ఫుజిషిమా బృందం ప్రకటించింది. అదే కాంతికి ఆ ఆక్సైడ్ తన మీది జిడ్డును కూడా విచ్ఛిన్నం చేస్తుంది. ఈ రెండు గుణాలతో 2001లో పిల్కింగ్టన్ సంస్థ తనను తాను శుభ్రం చేసుకునే కిటికీ గాజును అమ్మకానికి తెచ్చింది. ఎండ తగిలే కిటికీకి అది తగినదే గాని, ఎండ రాని బాత్‌రూమ్‌లో ఆ ఆక్సైడ్‌కు పనిచేయించే కాంతి దొరకదు. అద్దానికి కొంచెం సబ్బు రాసి పొడిగుడ్డతో తుడిచేయండి. కొన్ని రోజులపాటు అదే ఫలితం ఇస్తుంది.

మన ఊరి ముచ్చట ఒకటి చేరుస్తాను. భీమిలి తీరంలో అక్కడక్కడ కనిపించే నల్లని ఇసుకలో ఇల్మనైట్ ఉంటుంది. టైటానియం డయాక్సైడ్‌ను తయారుచేసే ముడి ఖనిజాలలో అది ముఖ్యమైనది.

ప్రశ్న: మా పాఠశాలలో ఖరీదైన పరికరాలు లేవు. స్పర్శ కోణాన్ని పిల్లల చేత కొలిపించే దారి ఉందా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, పెందుర్తి

జవాబు: ఉంది మాస్టారూ, మీ ప్రశ్న నాకు చాలా సంతోషం కలిగించింది. మందుల దుకాణంలో ఇన్సులిన్ సిరంజి తీసుకుని, సూది పిల్లల చేతికి ఇవ్వకుండా మీరే పట్టుకోండి. మిల్లీలీటరుకు 100 యూనిట్లని రాసి ఉన్న సిరంజిలో ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు. 40 యూనిట్ల రకమైతే ఒక యూనిట్ 25 మైక్రోలీటర్లు, అది ఎక్కువ. బొట్టు పెద్దదైతే తన బరువుకు తానే చదునైపోయి కోణం తప్పు వస్తుంది కాబట్టి 5 నుంచి 10 మైక్రోలీటర్లకు మించవద్దు. బొట్టు వెనుక తెల్లకాగితం, దాని వెనుక వెలుతురు ఉంచి, ఫోన్ కెమెరాను తలానికి సరిగ్గా సమానమైన ఎత్తులో పెట్టి పక్కనుంచి ఫొటో తీయండి. ఫొటోలో బొట్టు ఎత్తును, తలాన్ని తాకుతున్న చోట దాని వెడల్పును స్కేలుతో కొలవండి. ఎత్తును రెట్టింపు చేసి వెడల్పుతో భాగిస్తే వచ్చేది స్పర్శ కోణంలో సగానికి టాంజెంట్. ఎత్తు 1.5, వెడల్పు 3 మిల్లీమీటర్లైతే టాంజెంట్ ఒకటి, సగం కోణం 45, కోణం 90. ఎత్తు 2.2, వెడల్పు 2 అయితే కోణం 131. బొట్టును గోళంలో ఒక ముక్కగా భావించే ఈ లెక్క 150 దగ్గరికి వచ్చేసరికి కొంత తక్కువ చూపుతుంది. పదో తరగతి పిల్లలకు ఆ తేడా కూడా చెప్పండి.

కోణంతో ఆగిపోవద్దని మాత్రం బతిమాలుతున్నాను. చాలామంది కోణాన్ని ఒక్కదాన్నే కొలిచి ఊరుకుంటారు. ఒక 30 సెంటీమీటర్ల స్కేలు మీద ఒక ఆకును అతికించి, బొట్టు వేసి, ఒక కొసను నెమ్మదిగా ఎత్తించండి. ఆ కొస 5 సెంటీమీటర్లు లేచేలోపే బొట్టు జారితే వాలు 10 డిగ్రీల లోపు ఉన్నట్లు. చామ ఆకు, తామరాకు, అరిటాకు, గులాబీ రేక వరుసగా పెట్టండి. చామ ఆకు మీదా గులాబీ రేక మీదా బొట్టు గుండ్రంగానే కూర్చుంటుంది. చామ ఆకును కాస్త వంచగానే జారిపోయే బొట్టు, గులాబీ రేకను పూర్తిగా తలకిందులు చేసినా వేలాడుతూనే ఉంటుంది, ఎందుకంటే గులాబీ రేక మీది పెద్ద మడతల్లోకి నీరు దిగుతుంది, చిన్న మడతల్లోకి దిగదు. ఆకులను మంచు ఆరాక, పొద్దెక్కిన తరువాత కోయించండి. చేతివేళ్ల జిడ్డు తగలకుండా అంచులు పట్టుకోమనండి, వేలు రుద్దిన చోట చామ ఆకు కూడా తడుస్తుంది. ఆ తడిసిన చోటు మీదా ఒక బొట్టు వేయించి కొలిపించండి.